పాత పడవ - క్రొత్త యంత్రము

సముద్రముపై బ్రతుకువానికి పడవయే ఆస్తి. ఆ యాస్తిలో రెండు భాగములు కలవు: ఒకటి ఒడలు, రెండవది యంత్రము. ఈ రెంటి ఆయుర్దాయములు సమానములు కావు. మంచి కలపతో కట్టిన పడవ గాని, ఉక్కుతో కట్టినది గాని, గాజునార కలిపి పోసినది గాని, పోషణ సరిగా నున్నచో దశాబ్దముల తరబడి నీటిపై నిలుచును. అందలి డీజిలు ఇంజను అంతకాలము నిలువదు. ఉప్పునీటి చల్లదనమును, లోపలి నిప్పును ఏకకాలమున భరించుచు రాత్రింబగళ్ళు తిరుగు నా యినుము ఒడలికంటె ముందే అలసిపోవును. పొగ నల్లబడును, నూనె త్రాగుట హెచ్చును, నడిసముద్రమున నాగిపోవు దినములు దగ్గరపడును. అప్పుడు యజమాని యెదుట మూడు త్రోవలుండును. పాత యింజనునే విప్పి మరల కూర్చుట యొకటి; పడవను వచ్చిన వెలకు అమ్మివేయుట రెండవది; పాత ఒడలిలో క్రొత్త యింజనును దింపుట మూడవది. ఈ మూడవ త్రోవయే నేడు లోకమందలి పెక్కు రేవులలో ప్రచారమునకు వచ్చుచున్నది.

ఇంజను మార్చుట క్రొత్త సంగతి కాదు గదా యని పాఠకు లడుగవచ్చును. మార్చుట క్రొత్త కాదు. మారి వచ్చుచున్న యింజను క్రొత్తది. అది పాతదానివలె కేవలము ఇనుము, నూనె, నిప్పు కాదు. దానికి విద్యుత్తుతో పనిచేయు నొక బుద్ధి అమర్చబడినది. ఆ బుద్ధివలన కలుగు లాభమెంత, ఆ బుద్ధి ఎవరి చేతిలో నున్నది, అను రెండు ప్రశ్నలను విచారించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. పడవ యింజనుతో మాకేమి పనియని వారు తలంపరాదు. 2023 జనవరి 1వ తేది మొదలు మన దేశమున 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు కఠినతరమైన పొగ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వాని ఫలితముగా ఈ విద్యుద్బుద్ధియే పొలములోనికిని ప్రవేశించినది. నేడు రేవులో పుట్టిన ప్రశ్న రేపు కళ్ళములో పుట్టక తప్పదు.

డీజిలు చరిత్ర

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరమున జన్మించిన జర్మను దేశీయుడు. గాలిని మిక్కిలిగా నదిమినచో అది వేడెక్కును. ఆ వేడిగాలిలో నూనెను చిమ్మినచో నిప్పురవ్వతో పనిలేకయే అంటుకొనును. ఇదియే యాతని సూత్రము. 1897లో ఆగ్స్‌బర్గ్ యంత్రశాలలో జరిగిన పరీక్షలో, నూనెలోని శక్తియందు నూటికి 26 పాళ్ళు పనిగా మారినట్లు తేలెను. నాటి ఆవిరియంత్రములలో చాలవరకు పదిపాళ్ళును దాటలేకుండెను. కావున నావికు లీ యంత్రమువంక చూచుటలో ఆశ్చర్యము లేదు. 1903లో నోబెల్ సోదరుల సంస్థవారు వోల్గానదిపై నూనె మోయు ‘వాండల్’ అను నావకు డీజిలు ఇంజనుల నమర్చిరి. 1912లో కోపెన్‌హేగన్ నగరమున నిర్మితమైన ‘సెలాండియా’ యను ఓడ పొగగొట్టము లేకయే మహాసముద్రములు దాటి బాంకాకు చేరి లోకమును విస్మయపరచెను. ఆ మరుసటి యేడు, 1913 సెప్టెంబరులో, ఇంగ్లండుకు పోవుచు డీజిల్ ఓడమీదనుండియే అదృశ్యుడయ్యెను. యంత్రము బ్రతికినది, యంత్రకర్త సముద్రమున కలిసిపోయినాడు.

మన దేశమున చేపల పడవలకు యంత్రములు విరివిగా వచ్చుట స్వాతంత్ర్యము తరువాతి ముచ్చట. భారత ప్రభుత్వము, నార్వే, ఐక్యరాజ్యసమితి కలిసి 1952లో చేసికొనిన ఒడంబడిక ననుసరించి, 1953లో కొల్లము చెంతనున్న నీండకరలో ప్రారంభమైన ప్రణాళిక అందుకు మార్గదర్శకమయ్యెను. మన తీరమునను రొయ్య, సొర అను పేళ్ళు గల మరపడవలు తరువాతి దశాబ్దములలో పరిచితములైనవి. తెరచాప దింపి యింజనును నమ్ముకొనిన జాలరి గాలిదయనుండి విముక్తుడయ్యెను గాని నూనెధరకు కట్టుబడెను. నాటినుండి నేటివరకు మరపడవ లెక్కలో డీజిలు ఖర్చే పెద్దపద్దు.

రెండు యింజనుల తారతమ్యము

పాత యింజను పనిచేయు తీరు ఇట్టిది. ఒక పంపు నూనెను పీడించి ఒక్కొక్క గొట్టము ద్వారా ఒక్కొక్క సిలిండరునకు పంపును. ఎప్పుడు పంపవలెనో ఉక్కుతో చెక్కిన మిట్టలు నిర్ణయించును. ఎంత పంపవలెనో తిరుగుడుగుండ్లు గల గవర్నరు నిర్ణయించును. సరంగు చేతిలోని పిడికిని, ఇంజనుకును నడుమ నొక తీగ. పిడి త్రోసిన తీగ లాగును. తీగ లాగిన నూనె హెచ్చును. ఇందు దాపరికము లేదు. ప్రతిదియు కంటికి కనబడును, చేతికి అందును. లోపము కూడ నందే యున్నది. ఉక్కుమిట్ట ఒక వేగమునకు సరిపోవునట్లు చెక్కబడినది. అన్ని వేగములకును, అన్ని బరువులకును అది సరిపోదు. వల బరువెక్కినప్పుడు గాని, అల ఎదురైనప్పుడు గాని, గాలి చాలకయే నూనె పడును. కాలని నూనె నల్లని పొగయై పోవును. ఆ పొగ యజమాని సొమ్ము.

క్రొత్త యింజనులో నూనె అంతయు మొదట ఒక ఉమ్మడి గొట్టములో నిలువజేయబడును. దీనినే కామన్ రైలు అందురు. అందలి పీడనము సామాన్యమైనది కాదు. మన చుట్టునున్న గాలి ఒత్తిడికి 1600 మొదలు 2000 రెట్ల వరకును, కొన్నింట అంతకు మించియు నుండును. ఆ గొట్టమునుండి సిలిండరులోనికి పోవు ద్వారమును తెరచి మూయునది విద్యుత్తు. ఎప్పుడు తెరువవలెను, ఎంతసేపు తెరువవలెను అనునది చిన్నపెట్టెలోని కంప్యూటరు నిర్ణయించును. ఇరుసు ఏ కోణమున నున్నదో, నీరెంత వేడెక్కినదో, గాలి ఎంత ఒత్తిడితో వచ్చుచున్నదో, నూనె పీడన మెంతయో, ఈ వార్తల నన్నింటిని చిన్న గ్రాహకము లెడతెగక దానికి చేరవేయుచుండును. ఒక్క దెబ్బలోనే నూనెను రెండుమూడు విడతలుగా చిమ్మగల నేర్పు దానికి కలదు. మొదట చిటికెడు చిమ్మి మంటను మెల్లగా నంటించి, పిమ్మట ప్రధానభాగమును చిమ్మును. అందుచేత పాత డీజిలునకు సహజమైన ఢకఢకధ్వని తగ్గును, పొగ తగ్గును, నూనె కలిసివచ్చును.

ఈ విద్య మొదట నేలమీద పుట్టినది. 1985లో అమెరికాయందలి డెట్రాయిట్ డీజిల్ వారు బరువుబండ్ల యింజనులకు విద్యుత్ నియంత్రణమును విపణిలోనికి తెచ్చిరి. 1995లో జపానులోని డెన్సో వారు ఉమ్మడిగొట్టపు పద్ధతిని లారీలలో ప్రవేశపెట్టిరి. 1997లో అది ఇటలీ మోటారుకార్లకు వచ్చినది. లారీలలో రాటుదేలిన పిమ్మటనే పడవ యింజనులకు ప్రాకినది. గ్రాహకములు, కంప్యూటరు, సరంగు ఎదుటి తెర పరస్పరము మాటలాడుకొనుటకు రెండు సన్నని తీగలు చాలును. 1986లో జర్మనీయందలి బాష్ సంస్థవారు ప్రకటించిన ఆ పద్ధతియే మోటారుబండ్లకు వలెనే పడవలకును ఆధారమైనది.

పిడి సంగతియు మారినది. లాగుడుతీగకు బదులు విద్యుత్తు వార్త పోవును. ఒకే పడవలో రెండుచోట్లనుండి నడపుట సులభమైనది. కంగారులో సరంగు పిడిని ముందునుండి ఒక్కసారిగా వెనుకకు గుంజినను, వేగము తగ్గువరకు కంప్యూటరు గేరును మార్చనీయదు. పాత పద్ధతిలో ఇట్టి తొందరపాటుచేత విరిగిన గేరుపెట్టెలకు లెక్క లేదు.

లెక్క చూచిన

పొగడ్తలు చాలును; ఇక లెక్క చూతము. 100 కిలోవాట్ల పని చేయుచున్న యింజను నొకదానిని తీసికొందము. ఒక కిలోవాటును ఒక గంటసేపు పుట్టించుటకు అరిగిన పాత యింజను 240 గ్రాముల డీజిలును, మంచి క్రొత్త యింజను 210 గ్రాములను కాల్చు ననుకొందము. పాతది గంటకు 28 లీటర్లపైచిలుకు, క్రొత్తది 25 లీటర్లు త్రాగును. గంటకు మూడున్నర లీటర్లు మిగులును. ఒక్క వేటలో ఇంజను అట్లు 120 గంటలు తిరిగినచో మిగులు సుమారు 430 లీటర్లు. అనగా ఎనిమిదవవంతు. ఇది చిన్న లాభము కాదు.

కాని మరియొక లెక్క కలదు. దానిని ఇంజనుల నమ్మువారు అంతగా చెప్పరు. నీటిలో తిరుగు పంకాకు కావలసిన శక్తి, వేగము హెచ్చినట్లే హెచ్చదు; వేగముయొక్క ఘనముగా హెచ్చును. వేగమును పదవవంతు తగ్గించినచో కావలసిన శక్తి నూటికి 27 పాళ్ళు తగ్గును. ప్రయాణకాలము కొంత పెరుగును గావున ఆ పెరుగుదలను తీసివేయగా, అదే దూరమునకు నూటికి 19 పాళ్ళ నూనె మిగులును. అనగా రేవునుండి వేటచోటికి పోవు దారిలోను, తిరిగివచ్చు దారిలోను యంత్రము ఎనిమిదవవంతు మిగిల్చగా, సరంగు చేయి ఐదవవంతు మిగుల్చును! ఈ రెండవ లాభమునకు అప్పు చేయనక్కరలేదు. ఐన నింతకాలము ఆ లాభ మెవరికిని కనబడలేదు. గంట కెంత నూనె పోవుచున్నదో చూపు సాధనము పాత పడవలో లేదు. క్రొత్త యింజను తెర ఆ సంఖ్యను క్షణక్షణము చూపును. మా మతమున విద్యున్నియంత్రణము చేయు మహోపకార మిదియే. అది నూనెను పొదుపు చేయుటకంటె, పొదుపును కంటికి చూపుటయందు గొప్పది.

దీనిని బట్టి మరియొక భ్రమయు తొలగవలెను. ఇంజను మార్చుచున్నప్పుడు పెక్కురకు పుట్టు మొదటి కోరిక ‘పెద్దది వేయింతము’ అని. పొరుగువాడు 200 అశ్వశక్తి వేసినచో తాను 300 వేయవలెనని పోటీ. నీటిని చీల్చుకొని పోవు బరువుపడవకు పొడవును బట్టి యొక సహజవేగము కలదు. నీటిగీతవెంట 36 అడుగుల పొడవున్న పడవకు అది గంటకు సుమారు 8 సముద్రపుమైళ్ళు. దానిని దాటింపవలెనని ఎంత శక్తి పోసినను ఆ శక్తి పడవను నడపదు. వెనుక పెద్ద అలను లేపును. అలను లేపుటకు డీజిలు కొనువాని వివేకమును గూర్చి మేమేమి చెప్పుదుము? వల లాగు పడవకు కావలసినది అశ్వశక్తి ఆడంబరము కాదు. తగిన గేరు, నిదానముగా తిరుగు పెద్దపంకా. ఈ రెండును చూచుకొనక ఇంజను మాత్రము మార్చినచో ‘ఏనుగును కొని అంకుశమునకు వెనుదీసిన’ చందమగును.

మేస్త్రి చెవి

ఇక రెండవ ప్రశ్న. విశాఖపట్టణపు చేపలరేవులో మేము ఒక వృద్ధ యింజను మేస్త్రిని చూచితిమి. మరలు త్రిప్పు కమ్మియొక్క మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, ఏ సిలిండరు జబ్బుపడెనో క్షణములో చెప్పుచుండెను. క్రొత్త యింజనులను గూర్చి యడిగితిమి. ఆతని సమాధానమును ఆతని మాటలలోనే ఇచ్చుచున్నాము: ‘‘బాబూ, పాత ఇంజనుకు జబ్బొస్తే నా చెవికి చెబుతాది. కొత్తదానికి జబ్బొస్తే డబ్బాకు చెబుతాది. డబ్బా కంపెనీవోడికి చెబుతాది. ఆ కంపెనీవోడొచ్చేదాకా పడవ జెట్టీకి కట్టేసుంటాది. నానేటి సెయ్యను?’’

ఇది అజ్ఞానపు మాట కాదు, అనుభవపు మాట. ఆ డబ్బాలోని లోపపుసంఖ్యలను చదువుటకు ప్రత్యేకమైన సాధనము, దానికి తగిన అనుమతిసంకేతము కావలెను. అవి చాలవరకు అమ్మినవారి చేతిలోనే యుండును. పది రూపాయల గ్రాహకపుతీగ ఉప్పునీటికి త్రుప్పుపట్టి తెగినను, తెగినదది యని తెలియుటకు పట్టణమునుండి ఒకడు రావలెను. వేటకాలమున పడవ రేవులో కట్టిపడిన ప్రతిదినము సరంగు, కళాసీల ఇండ్లలో పొయ్యిమీద తెలియును.

అంతకంటె ఘోరమైన ప్రమాద మొకటి కలదు. మా పాఠకులలో పడవలు గాని, లారీలు గాని, ట్రాక్టర్లు గాని గలవారు దీనిని శ్రద్ధతో చదువగోరుచున్నాము. పాత యింజనులో ఏ సిలిండరు పనిచేయుట లేదో తెలిసికొనుటకు, ఇంజను తిరుగుచుండగనే నూనెగొట్టపు నట్టును కొంచెము వదులుచేయుట మేస్త్రీల అలవాటు. ఉమ్మడిగొట్టపు యింజనులో అట్లు చేయుట ప్రాణముతో చెలగాటము. రెండువేల రెట్ల ఒత్తిడితో వెలికివచ్చు నూనెధార కంటికి కనబడనంత సన్ననిదై చర్మమును చీల్చి లోనికి దూరును. పైకి సూదిపోటువలె కనబడును. లోపల కండ కుళ్ళును. వెంటనే శస్త్రవైద్యము జరుగనిచో చేయి తీసివేయవలసిన స్థితి వచ్చును. తరముల అనుభవము నేర్పిన అలవాటే క్రొత్త యంత్రమునొద్ద ఉరిత్రాడు కాగలదు. ఈ మాటను మేస్త్రికి చెప్పవలసిన బాధ్యత ఎవరిది? యంత్రము నమ్మినవారిదా, కొన్నవారిదా, ప్రభుత్వముదా? మువ్వురిదియు నని మా యభిప్రాయము.

చిన్నవిగా కనబడు జాగ్రత్తలు మరికొన్ని కలవు. క్రొత్త యింజనులో నూనె పోవు సందులు వెంట్రుకకంటె పెక్కురెట్లు సన్ననివి. పీపాలో అడుగున నీరు, మట్టి కలిసిన డీజిలును పాత యింజను గొణుగుచునైనను త్రాగును. క్రొత్తది దానిచేతనే చచ్చును. నీటిని వేరుచేయు వడపోతను రెండింతలు చేసికొనుట, బ్యాటరీకి రెండవ బ్యాటరీ తోడుంచుట, తీగల కీళ్ళను ఉప్పునుండి కాపాడుట, ఇంజను పీఠమును, ఇరుసును ఒకే వరుసలో సరిచూచుట, ఇవి మానినచో ఎంత వెలపెట్టి కొన్న యింజనైనను ఏడాదికే ముసలిదగును.

అన్యదేశముల త్రోవ

అన్యదేశములు ఈ మార్పును కేవలము వ్యాపారులకు విడిచిపెట్టలేదు. ఓడల పొగను గూర్చిన అంతర్జాతీయ నియమములు 2005 మే 19వ తేదిన అమలులోనికి వచ్చినవి. పెద్ద నౌకలలో పాతదానికి బదులు వేరు జాతి యింజను దింపినచో, దింపిననాటి నియమమునకు అది లోబడవలెనని అందొక నిబంధన. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1998 మొదలు కార్ల్ మోయర్ పేర నొక నిధిని నడపుచున్నది. పాత డీజిలు ఇంజనులను తీసివేసి పొగ తక్కువ గలవానిని దింపువారికి, పడవల యజమానులతో సహా, ఆ నిధినుండి సహాయము లభించును. నియమము పెట్టినవాడే సాయమును పెట్టెను. ఇది న్యాయము.

అచ్చటనే మరియొక పోరాటమును నడచినది. తమ ట్రాక్టరును తాము మరమ్మతు చేసికొను స్వేచ్ఛ రైతుకు కావలెనని ఏండ్ల తరబడి ఆందోళన జరిగి, 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ వాణిజ్యసంఘమువారు డీర్ అను గొప్ప ట్రాక్టరు సంస్థపై న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. యంత్రమును అమ్మి తాళముచెవిని అట్టిపెట్టుకొనుట తగునా యనునదే అందలి వివాదము. మన కేంద్రప్రభుత్వమువారును 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించిరి. వ్యవసాయపు పనిముట్లు, చేతిఫోనులు, గృహోపకరణములు, మోటారుబండ్లు అని నాలుగు రంగములను పేర్కొనిరి. జాలరి పడవ ఆ నాలుగింటిలో లేదు. భూమిపై బ్రతుకువానికి గల హక్కు నీటిపై బ్రతుకువానికి లేకుండుటకు కారణమేమో మాకు బోధపడకున్నది.

కర్తవ్యము

క్రొత్త యంత్రము వలదని మేమనుట లేదు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడియను సామెత యంత్రములకును వర్తించును. వాడియైన కొమ్మును పట్టుకొనుట నేర్వకున్నచో అది మననే పొడుచును. ఇంతే మా మాట.

మన తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపలు సంతతి పెంచుకొను ఆ కాలమున పడవలన్నియు రేవులోనే యుండును. మేస్త్రీలును రేవులోనే యుందురు. ఇంజను మార్చుటకు అదియే అదను. విద్య నేర్చుటకును అదియే అదను. మత్స్యనౌకావిద్యలను బోధించు కేంద్రసంస్థ 1963లో కొచ్చిలో వెలసినది. దాని శాఖ విశాఖపట్టణముననే కలదు. పడుచువారికి ఏండ్లకొలది చెప్పు చదువులతో పాటు, చేయి తిరిగిన వృద్ధమేస్త్రీలకు తెలుగులో, ఇంజను ఎదుట నిలిపి, కొలది వారములలో నేర్పు పాఠమును ఆ శాఖవారు ఏర్పరచవలెను. ఇది అసాధ్యము కాదు.

యజమానులు చేయవలసినదియు కలదు. ఒక్కొక్కరుగా పోయి కొనువానికి అమ్మువాడు చెప్పినదే వేదము. రేవులోని పదిమంది కలిసి ఒకే జాతి యింజనును కొనినచో, లోపము చదువు సాధనమును, అనుమతిసంకేతమును, విడిభాగముల నిలువను రేవులోనే ఉంచవలెనని షరతు పెట్టగలరు. ఆ షరతు కాగితముపై వ్రాయబడిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను. తెరపై కనబడు అక్షరములు తెలుగులో నుండవలెనని అడుగుటకును వెనుదీయరాదు. నూనె ఎంత పోవుచున్నదో సరంగు చదువలేని తెర, ఎంత వెలపెట్టి కొన్నను, గోడకు వ్రేలాడు పటముతో సమానము.

మేస్త్రి చెవికి తోడు ఆ డబ్బా మాటాడు భాషను కూడ నేర్పినచో, ఆతని అనుభవము వ్యర్థము కాదు, ఇబ్బడియగును. అట్లు నేర్పక క్రొత్త యంత్రములను మాత్రము దింపుకొనుచు పోయినచో, పడవ మనది, అప్పు మనది, దానిని నడపు అధికారము మాత్రము పరులది యగును. వచ్చు వేటనిషేధకాలము లోపుగనే సంస్థవారును, మరపడవల సంఘములవారును ఈ విషయమున పూనుకొందురని ఆశించుచున్నాము.